ఎడమ చెయ్యి ముందు

2023 జూలై, బోనాల ముందటి రోజులు. సికింద్రాబాద్‌లో లేడీస్ టైలర్ అన్నవాళ్లకు ఆ రోజుల్లో అన్నం తినే తీరిక ఉండదు. మా దుకాణం చిలకలగూడలో, స్టేషన్ వైపు దిగే సందులో ఉంటుంది. ఒక్క షట్టరు వెడల్పు. ముందు మిషను, వెనక బట్ట కోసే బల్ల, మూలకు ఒక పరదా. ఆ పరదా వెనకనే ట్రయల్, అంటే కుట్టిన బట్ట తొడిగి చూసుకునే చోటు.

మా ఆయన జెంట్స్ టైలర్. ఆయన ఉన్నన్నాళ్లు నేను కాజాలు తీసి, గుండీలు కుట్టి, అంచులు మడిచేదాన్ని. ఆయన పోయాక అదే మిషను మీద కూర్చుని ఆడవాళ్ల బట్టలు మొదలుపెట్టాను. కత్తెర పట్టడం ఎవరూ నేర్పలేదు. పాత జాకెట్లు విప్పి, ఏ ముక్క ఎక్కడిదో చూసి, మళ్లీ కుట్టి నేర్చుకున్నాను. ఇన్నేళ్లలో ఎన్ని ఒళ్లు కొలిచానో లెక్క లేదు. లావు, సన్నం, గూని, కడుపుతో ఉన్నవాళ్లు. కానీ కొలత తీసుకోవడమంటే ఏమిటో నాకు చెప్పింది మాత్రం ఒక్క పిల్ల.

ఆ రోజు సన్నగా వాన పడుతోంది. రేణుక అని ఒకామె చక్రాల కుర్చీలో కూతురిని తోసుకుని వచ్చింది. మా దుకాణానికి మెట్టు ఉంది. కుర్చీ ఎక్కలేదు. షట్టరు కిందనే, సగం సందులో సగం దుకాణంలో ఆగిపోయారు. లోపల యాదమ్మ కూర్చుని ఉంది. మెట్టుగూడలో పూలు అమ్ముతుంది. నాకు చుట్టమేమీ కాదు గానీ వదినె అని పిలుస్తుంది. వదినె అన్న చనువుతోనే తిడుతుంది కూడా.

"వదినె, నా జాకిటి గీ బోనాలకేనా, మల్లొచ్చే ఏడు బోనాలకా? ఇప్పుడే చెప్పు, గప్పటిదాంక అమ్మవారికి టైం అడుగుత."

"ఇస్త గని, జెర సైసు యాదమ్మా," అని రేణుక వైపు తిరిగాను.

"అక్కా, మా బిడ్డ శిరీష. ఇంటర్ పాసైంది. బోనాలైన మర్నాడే డిగ్రీ కాలేజి షురూ. రెండు డ్రెస్సులు కుట్టాలె. ఫిట్టింగ్ మంచిగుండాలె. చూసెటోళ్లు అయ్యో పాపం అనొద్దు."

యాదమ్మ ఊరుకుంటుందా? "పోలియోనా బిడ్డా?" అంది.

పిల్ల నోరు తెరిచింది. మాట బయటికి రావడానికి మెడ పక్కకు పోయింది, మూతి వంకర తిరిగింది. ఆ లోపల తల్లే చెప్పేసింది. "కాదక్కా, సెరిబ్రల్ పాల్సీ. పుట్టంగనే ఏడ్వలే."

"గట్లనా. మాకు తెల్సినామె ఒకామె తాయత్తు కడ్తది."

అప్పటికి పిల్ల మాట వచ్చింది. "కట్టినం. చేతికి కట్టిన్రు. దెబ్బ తాకింది మెదడుకు."

యాదమ్మ, "అబ్బో, నోరుంది పిల్లకు" అంది. పిల్ల నవ్వింది.

శిరీష మాట ఆగి ఆగి వస్తుంది. మధ్యలో ఆగిన చోట్లు ఇక్కడ రాయించడం లేదు. నేను చెబుతుంటే ఈ సంగతంతా ఫోనులో ఒక వేలితో రాస్తున్నది తనే. అన్నీ చుక్కలే అయితే చదివేవాళ్లు పారిపోతారు, వద్దు ఆంటీ అంది. సెరిబ్రల్ పాల్సీ అంటే ఏమిటో ఆమె నాకు చెప్పినట్టే చెబుతాను. తప్పయితే ఆమే దిద్దుతుంది.

బిడ్డ కడుపులో ఉండగానో, పుట్టేటప్పుడో, మరీ పసితనంలోనో మెదడుకు దెబ్బ తగులుతుంది. అది అంటుకునేది కాదు, తల్లి చేసుకున్న పాపమూ కాదు. ఆ దెబ్బ పెరగదు, అలాగని పోదు కూడా. చేతుల్లో, కాళ్లల్లో లోపం పుట్టదు. వాటికి వంగు, వదులు అని చెప్పే మెదడు దగ్గరే తేడా. ఎప్పుడూ బిగుసుకుని ఉండే కండ పిల్ల ఎదిగేకొద్దీ పొట్టిదైపోతుంది, అందుకే రోజూ సాగదీసే వ్యాయామం చేయించాలి. అందరికీ ఒకే తీరుగా ఉండదు. కొందరికి ఒక పక్కే, కొందరికి ఒళ్లంతా. కొందరికి చదువు ఎక్కదు. కొందరికి శిరీషలాగా చదువు తేలిక, మాటే బరువు. ఆమెకు కాళ్లు రెండూ బిగువు. గోడకు కడ్డీ ఉంటే పట్టుకుని కాసేపు నిలబడగలదు. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర మడిచి ఉంటుంది, బొటనవేలు పిడికిలి లోపల. కుడి చెయ్యి చెప్పిన మాట వింటుంది, కాకపోతే దానికి తోచినప్పుడు.

ఆ రోజు ఇవేవీ నాకు తెలియవు. మామూలుగా అందరికీ తీసినట్టే కొలత తీశాను. మా పనిలో కొలతకు ముందు ఒక మాట అంటాం, "చేతులు వదులుగ పెట్టు" అని. అన్నాను. శిరీష వదులు చేయబోయింది. ఎడమ చెయ్యి ఇంకా బిగిసి ఛాతీకి అతుక్కుంది. మళ్లీ అన్నాను. ఇంకా బిగిసింది. పిల్ల మెడ మీద వానకు తడిసిన నా చేతి చల్లదనం, వెనక బండ్ల హారన్లు, లోపలి నుంచి యాదమ్మ గోల. ఎట్లా ఉన్న చెయ్యిని అట్లాగే కొలిచాను. భుజం చుట్టు, మోచేతి వంపు, అన్నీ. పిల్ల ఏదో చెప్పబోయింది. "అర్థమైంది బిడ్డా, మంచిగ కుడత" అని టేపు మెడలో వేసుకున్నాను. ఏమర్థమైందో నాకే తెలియదు.

పోయే ముందు రేణుక మెల్లగా చెప్పింది. "ఇంటర్ రెండేండ్లు నేను క్లాసు బయట కూసున్న అక్కా. బాత్రూముకు నేనే తీస్కపోవాలె గద. డిగ్రీకి సుత కూసుంట. ఇది మాత్రం నువ్వొద్దు అంటది."

"అమ్మ గేటు కాడ కూసుంటే నాకు దోస్తులు ఎట్లయితరు?" అంది శిరీష.

తల్లీ బిడ్డలు ఒక ఒప్పందం చేసుకున్నారట. తన బట్టలు తానే వేసుకుని, తానే విప్పుకుని, మళ్లీ వేసుకుని చూపిస్తే తల్లి ఇంట్లో ఉంటుంది. లేకపోతే ఈ మూడేళ్లూ గేటు దగ్గరే. కాలేజీని కూడా ఆ పిల్ల పేరు చూసి ఎంచుకోలేదు, బాత్రూం చూసి ఎంచుకుంది. కుర్చీ పోయేంత తలుపు, గోడకు కడ్డీ ఉన్నాయట. ఆటో అబ్బాయి కుదిరాడు. ఇక మిగిలింది బట్టలే.

నేను కుట్టాను. మనసు పెట్టే కుట్టాను. ముందు ఒక జత. లేత నీలం కుర్తా, మెడకు సన్నని పైపింగు, కింద చుడీదార్. ట్రయల్‌కు వచ్చిన రోజు రేణుక, నేను కలిసి కుర్చీని మెట్టు ఎక్కించి పరదా లోపలికి తీసుకుపోయాం. ఒప్పందం ప్రకారం పిల్లనే వేసుకోమన్నాం. తల దూర్చింది. కుడి చెయ్యి దూర్చింది. ఎడమ చెయ్యి దగ్గర ఆగిపోయింది. తల్లి చూస్తూ ఉండలేక, "ఉండు, జెర నేను..." అని లాగింది. చంక దగ్గర పర్రుమని చిరిగింది.

మేం దాన్ని ఆర్మ్‌హోల్ అంటాం, భుజం దగ్గర చెయ్యి దూరే గుండ్రటి కోత. జాకెట్‌కైనా కుర్తాకైనా ప్రాణం అక్కడే. అది చిరిగిందంటే కొలతే తప్పు. బిగిసిన చెయ్యిని కొలిచి, బిగిసిన చెయ్యికి సరిపోయేటట్టు కుట్టాను. ఆ చెయ్యి కుర్తాలోకి ఎట్లా పోతుందో మాత్రం ఆలోచించలేదు.

రేణుక మొహం చిన్నబోయింది. "పోనీ తీ. నేనే కాలేజికొస్త. గింత తక్లీఫ్ ఎందుకు బిడ్డా."

శిరీష కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కానీ మాట గట్టిగానే వచ్చింది. "ఆంటీ, నీ కుట్టు మంచిగుంది. నన్ను అడగలే నువ్వు. కొలతలప్పుడు చెప్తుంటి, ఇనలే. వదులు చెయ్యి అంటే నా చెయ్యి ఇంకా బిగుసుకుంటది. ఎంత జోరు పెడితే అంత బిగుసు. జోరు పెట్టకుంట ఉంటే అదే వదులైతది."

"మరి ఎట్ల ఏసుకుంటవో చూపెట్టు బిడ్డా."

"ఏంతోని చూపెట్టాలె? ఇది చిరిగింది."

దుకాణంలో ఉన్నవన్నీ గిరాకీల బట్టలు. నాదంటూ ఒక్కటే ఉంది. మా ఆయన చొక్కా. ఆయన పోయినప్పటి నుంచీ మిషను పక్క మేకుకు అట్లాగే ఉంది. చెమట పడితే తుడుచుకోవడానికి అని అందరికీ చెబుతాను. దాన్ని తీసి ఇచ్చాను. షట్టరు సగం దించాను. ఫ్యాను ఆపాను. నేను కింద చాప మీద కూర్చున్నాను, పిల్ల చేతులు నా కళ్లకు సమానంగా ఉండేటట్టు.

శిరీష చొక్కాను ఒడిలో పరుచుకుంది. దాని ఎడమ స్లీవును కుడి చేత్తో పొట్టిగా ముడుచుకుంది. ఇక ఏమీ చేయలేదు. అట్లాగే కూర్చుంది. నేను ఏమన్నా అయిందేమోనని నోరు తెరవబోయాను. రేణుక సైగ చేసింది, ఆగమని. కాసేపటికి పిడికిలి దానంతట అదే కొంచెం విచ్చుకుంది. వెంటనే స్లీవు దాని మీదికి ఎక్కించి, మోచేతి దాకా తోసింది. అక్కడ మళ్లీ ఆగింది. కాలరును పళ్లతో పట్టుకుంది, మిగతా చొక్కాను కుడి చేత్తో వీపు వెనక నుంచి తిప్పింది. కుడి చెయ్యి చివర దూర్చింది.

"ఎడమ చెయ్యి ముందు. బిగుసుకున్నది ఎప్పుడూ ముందు. ఇప్పేటప్పుడు అదే చివర," అంది. "థెరపీ మేడం నేర్పింది. ఇంట్ల చేసే టైం ఉండదు. అమ్మకు తొందర."

రేణుక చూపు దించుకుంది. "కాలేజి ఆటో పోతది గద బిడ్డా. తయారు చెయ్యకపోతే ఎట్ల?"

మళ్లీ చేయమన్నాను. ఈసారి చేతిలో సుద్ద ముక్క పట్టుకున్నాను. ఆ పిల్ల ఎక్కడ పళ్లతో పట్టిందో అక్కడ ఒక గీత. ఎక్కడ బొటనవేలు ఆనించి తోసిందో అక్కడ ఒక గీత. ఎక్కడ బట్ట ఇరుక్కుందో అక్కడ ఒక సున్నా. మా ఆయన చొక్కా నిండా తెల్ల గుర్తులు పడ్డాయి. ఏ టైలరూ పెట్టని చోట్ల. ఆయన ఉంటే, "ఇది చొక్కానా, ముగ్గు వేసిన వాకిలా?" అనేవాడు.

ఆ చొక్కా చూసుకుంటూ మళ్లీ కోశాను. తల మీది నుంచి వేసుకునే కుర్తా కాదు, ముందు పక్క పూర్తిగా తెరుచుకునేది. పైకి గుండీలు కనిపిస్తాయి గానీ అవి ఉత్తవే. లోపల వెల్క్రో, పిల్లల బూట్లకు ఉండే గరుకు పట్టీ. ఎడమ చంక కోత బాగా కిందికి దించాను. బయటికి కుచ్చులాగా కనిపించేటట్టు కుట్టాను, రెండు చేతులూ ఒకే తీరుగా ఉండాలని కుడి వైపు కూడా అట్లాగే. కాలరు లోపల పళ్లకు అందేటట్టు ఒక మెత్తటి పట్టీ. ఎప్పుడూ కూర్చుని ఉండే పిల్ల కాబట్టి వెనక పొట్టి, ముందు పొడుగు. అందరికీ కుట్టినట్టు కుడితే వెనక గుడ్డ కింద ముద్దయి గుచ్చుకుంటుంది, చక్రంలో పడుతుంది. చుడీదార్ తీసేసి వదులు పైజామా కుట్టాను. నాడా లేదు, ఎలాస్టిక్. నడుము చుట్టూ లోపల ఉంగరాల్లాంటి పట్టీలు పెట్టాను, ఒక వేలు దూర్చి పైకి లాగితే వచ్చేటట్టు.

యాదమ్మ రోజూ వచ్చి చూసి పోతూనే ఉంది. "నా జాకిటి కత్తెర మొఖం చూసిందా వదినె?"

"గీ పిల్లది అయినంకనే."

"పిల్ల కాలేజి ఆగదు. మరి నా అమ్మవారు ఆగుతదా?" అనేది, మళ్లీ తనే, "పట్టీ గట్టిగ కుట్టు, పంటి కిందికి పోయేది" అనేది.

బోనాల నాడు ఉదయం శిరీష వచ్చింది. మర్నాడే కాలేజీ. సందులో వేపాకు వాసన, పసుపు నీళ్ల తడి. ఆ పిల్లను కుర్చీతోనే పరదా లోపలికి తీసుకుపోయి మా స్టూలు పక్కన ఆపాం. స్టూలును బాత్రూం అనుకోవాలి, కిటికీ ఊచను కడ్డీ అనుకోవాలి. వేసుకోవాలి, నిలబడి విప్పాలి, మళ్లీ వేసుకోవాలి. పరదా వేసి ఇవతలికి వచ్చాం. రేణుక, నేను, జాకెట్ కోసం వచ్చి, అది చేతికిచ్చినా కదలని యాదమ్మ.

ఏ చప్పుడూ లేదు. రేణుక లేచింది. చెయ్యి పట్టి కూర్చోబెట్టాను.

"ఏం అయితలేదక్కా లోపల."

"చెయ్యి వదులైతుంది. కూసో."

కుర్చీ కిర్రుమంది. ఏదో కింద పడింది. మళ్లీ లేచింది. "శిరీషా!"

"రాకు."

ఆ ఒక్క మాటతో తల్లి కాళ్లు ఆగిపోయాయి. ఆమె తన చీర కొంగును ఎడమ చేతికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది. పుట్టినప్పటి నుంచీ ఆ బిడ్డకు చేతులుగా ఉన్న చేతులవి. ఊరికే ఉండమంటే ఎట్లా ఉంటాయి?

సరిగ్గా అప్పుడే సందు మొదట్లో డప్పులు మోగాయి. ఒక్కసారిగా, మా షట్టరు రేకు అదిరేటట్టు. పరదా వెనక "అమ్మా" అని కేక. రేణుక నా చెయ్యి విదిలించుకుంది. "అది అదురుకుంటదక్కా! చప్పుడైతే ఒళ్లంతా బిగుసుకుంటది, పడ్తది!"

నేను ఆమెను పట్టుకోవాలా, వదలాలా అని తడబడేలోపల యాదమ్మ సందులోకి దూకింది. ఆమె గొంతు డప్పు కన్నా పైన వినిపించింది.

"ఏయ్ ఆపుండ్రి! జెర ముంగటికి పోయి కొట్టుకోండ్రి బిడ్డా! లోపల పిల్ల బట్టలేసుకుంటుంది!"

డప్పులు ఆగాయి. సందంతా మా దుకాణం వైపు చూసింది. ఎవరో కుర్రాళ్లు నవ్వారు. ఆ నిశ్శబ్దంలో పరదా వెనక నుంచి ఇంకో నవ్వు వినిపించింది. ఆగి ఆగి, ఊపిరి అందక, ఆపుకోలేక నవ్వుతోంది శిరీష.

"యాదమ్మ ఆంటీ," అంది లోపలి నుంచి, "ఇంక ఎవరికన్నా చెప్పేది మిగిలిందా?"

"లేదు బిడ్డా, అందరికీ చెప్పిన. నువ్వు ఏసుకో!"

రేణుక పరదా పట్టుకుని నిలబడింది. పక్కకు జరపలేదు. పట్టుకుని అట్లాగే నిలబడింది. డప్పులు దూరంగా, మలుపు తిరిగాక మళ్లీ మొదలయ్యాయి. మేము చూస్తుండగా ఆమె చేతిలోని పరదా లోపలి నుంచి కదిలింది. కుడి చెయ్యి ఒకటి బయటికి వచ్చి దాన్ని లాగింది.

కుర్తా మీద ఒక వెల్క్రో వంకరగా పడింది. పైజామా ఒక పక్క కొంచెం కిందికి ఉంది. జుట్టు చెమటకు నుదుటికి అతుక్కుంది. "విప్పిన. మళ్ల ఏసుకున్న. రెండూ అయినయి," అంది శిరీష.

రేణుక చెయ్యి వంకర పడిన పట్టీ వైపు పోయింది. సగంలో ఆగింది. వెనక్కి తీసుకుని కళ్లు తుడుచుకుంది. "వంకరున్నది," అంది.

"ఉండనీ. రేపు టిఫిన్ డబ్బా పెట్టు, చాలు. నువ్వొద్దు."

మర్నాడు పొద్దున, దుకాణం తెరిచేసరికి రేణుక మెట్టు మీద కూర్చుని ఉంది. ఆటో ఎక్కించి వచ్చిందట. ఇంటికి పోతే ఏం చేయాలో తోచలేదట. హుక్కుల డబ్బా, సూది, ఒక జాకెట్ ఆమె ముందు పెట్టాను. సాయంత్రం దాకా కుట్టింది. మధ్యలో ఎన్నిసార్లు సందు చివరికి చూసిందో! ఆటో వచ్చి ఆగినప్పుడు శిరీష మొట్టమొదట చెప్పింది చదువు గురించి కాదు. "ఒకామె నా డ్రెస్సు ఎక్కడ కుట్టించినవని అడిగింది," అంది. రేణుక ఇప్పటికీ మధ్యాహ్నాలు నా దగ్గరే హుక్కులు కుడుతుంది.

ఈ పనిలో ఒళ్లు కొలవడం నాకు ముందే వచ్చు. బట్ట తొడుక్కునే మనిషిని అడగాలని, అడిగాక జవాబు వచ్చేదాకా ఆగాలని శిరీష దగ్గర తెలిసింది. అందుకే ఇప్పుడు ఎవరొచ్చినా టేపు తీయకముందు అడుగుతాను, "దీన్ని ఎట్ల ఏసుకుంటవు బిడ్డా?" అని. చాలామంది నవ్వుతారు. ఎట్లా వేసుకుంటారు, అందరిలాగానే అంటారు.

మరుసటి ఏడు బోనాల జాకెట్‌కు యాదమ్మ వచ్చినప్పుడు ఆమెనూ అడిగాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పూల గంప దించి, కుడి భుజం పట్టుకుని, చెయ్యి ఎంత దాకా లేస్తుందో చూపించింది. ఛాతీ దాకా కూడా లేవలేదు.

"ఏండ్ల సంది గింతే వదినె. నువ్వు కుట్టే టైటు చేతులల్ల గీ చెయ్యి దూర్చుడంటే పాణం పోతది. కోడలిని బతిమాలుకుంట."

"మరి ఇన్నేండ్లు చెప్పకపోతివి?"

"నువ్వు అడుగకపోతివి."

మేకుకు ఉన్న చొక్కా తీసి యాదమ్మ చేతికిచ్చి, సుద్ద ముక్క పట్టుకుని కింద కూర్చున్నాను.